విదేశీ సంఘంతో చేతులు కలిపే ముందు: గుంటూరు మిత్రుడికి జవాబు

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. గుంటూరులో నీటి సరఫరా, మురుగు శుద్ధి, చెత్త నిర్వహణ పనుల్లో ఉన్న ఇంజనీర్లు నలభై మంది కలిసి ఒక చిన్న వృత్తి సంఘం నడుపుతున్నారు. ఐరోపాలోని ఒక పర్యావరణ ఇంజనీర్ల సంఘంతో అవగాహన ఒప్పందం చేసుకోవాలని మీ కార్యవర్గం ఆలోచిస్తోంది. దానివల్ల నిజంగా ఒరిగేది ఏమైనా ఉందా, ఉంటే పని ఎక్కడ మొదలుపెట్టాలి, అసిస్టెంట్ ఇంజనీరుగా ఉన్న మీలాంటివారికి అందులో చోటెక్కడ అని అడిగారు.

ప్రజారోగ్య ఇంజనీరింగ్‌లో ముప్పై మూడేళ్లు పనిచేశాను. అందులో పదకొండేళ్లు గుంటూరులోనే గడిచాయి. ఇప్పుడు విజయవాడ పటమటలో ఉంటున్నాను. ఇలాంటి ఒప్పందాలు నాలుగింటిని దగ్గరగా చూశాను. మూడు కాగితం దాటలేదు. ఒకటి మాత్రం నేను పనిచేసే తీరునే మార్చింది. ఆ మూడింటికీ ఈ ఒక్కదానికీ తేడా ఎక్కడ వచ్చిందో చెప్పడమే మీకు జవాబు అవుతుంది కనుక కాస్త ఓపికగా చదవండి.

ముందు ఆగిపోయిన వాటిలో ఒకదాని సంగతి. విజయవాడలో ఒక హోటల్లో సభ జరిగింది. వేదిక మీద రెండు దేశాల జెండాలు, శాలువాలు, అతిథులకు కొండపల్లి బొమ్మలు. ఒప్పందంలో పన్నెండు అంశాలు ఉన్నాయి: సాంకేతిక పరిజ్ఞాన మార్పిడి, సామర్థ్యం పెంపు, ఉమ్మడి పరిశోధన, ఇంకా అలాంటివే. ఏ అంశం కింద ఎవరు ఏమి చేయాలో, ఎప్పటిలోగా చేయాలో ఎక్కడా లేదు. మూడు నెలల తరువాత అవతలి సంఘం కార్యదర్శి ఉత్తరం రాశారు. "మీ ఊళ్లో మిమ్మల్ని అన్నిటికన్నా ఎక్కువ ఇబ్బంది పెడుతున్న విషయం ఏదైనా ఒక్కటి చెప్పండి. దాని మీద పనిచేస్తున్న మా సభ్యుణ్ని మీతో కలుపుతాం" అని. ఆ ఉత్తరం మా మధ్య నలుగురి చేతులు మారింది. జవాబు వెళ్లలేదు. మాకు ఇబ్బందులు లేక కాదు. ఏ ఒక్క ఇబ్బంది గురించీ ఏడాది పాటు వరసగా కొలిచి రాసిపెట్టుకున్న లెక్క మా దగ్గర లేదు. ఏమని రాయగలం? ఆ నలుగురిలో నేనూ ఒకణ్ని. ఆ ఉత్తరం గుర్తుకొస్తే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

కాబట్టి మీ మొదటి ప్రశ్నకు నా జవాబు ఇది: ఒప్పందం వల్ల ఒరిగేది చాలా తక్కువ. మీ ఊరి నుంచి మీరు మోసుకెళ్లే ఒక చిక్కుముడి, దాని గురించి మీరు చేతులారా కొలిచిన అంకెలు ఉంటే మాత్రం ఎంతైనా ఒరుగుతుంది. ఈ వృత్తిలో దేశాల మధ్య జరిగిన మంచి పనులన్నీ అలాగే జరిగాయి.

గాలి ఊది మురుగును శుద్ధి చేసే పద్ధతినే తీసుకోండి. 1912లో మాంచెస్టర్ నగరానికి సలహాదారుగా ఉన్న గిల్బర్ట్ ఫౌలర్ అనే రసాయన శాస్త్రవేత్త న్యూయార్క్ రేవు కాలుష్యం పని మీద అమెరికా వెళ్లాడు. అప్పుడు మసాచుసెట్స్‌లోని లారెన్స్ ప్రయోగ కేంద్రంలో మురుగునీటిలోకి గాలి ఊదుతూ చేస్తున్న ప్రయోగం చూశాడు. తిరిగి వచ్చి ఆర్డెర్న్, లాకెట్ అనే ఇద్దరికి ఆ సంగతి చెప్పి, మీరూ చేసి చూడండి అన్నాడు. గాలి ఊదాక అడుగున దిగిన బురదను పారబోయకుండా అదే పాత్రలో ఉంచి, పైన తేరిన నీటిని తీసేసి మళ్లీ కొత్త మురుగు పోశారు వాళ్లు. పోసిన ప్రతిసారీ శుద్ధికి పట్టే సమయం తగ్గుతూ వచ్చింది. పెరుగుకు తోడు మిగిల్చినట్లు బురదను మిగల్చడమే అందులో కిటుకు. 1914 ఏప్రిల్ 3న ఒక వృత్తి సంఘం మాంచెస్టర్ శాఖ సమావేశంలో ఆ పత్రం చదివారు. ఈరోజు ప్రపంచంలో యాక్టివేటెడ్ స్లడ్జ్ అని పిలుచుకునే ప్రతి కేంద్రానికీ మూలం ఆ సమావేశమే. ఫౌలర్ 1916లో బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు ఆచార్యుడిగా వచ్చాడు కూడా. తన ఊరి మురుగుతో ఏమి చేయాలన్న ప్రశ్న ఆయన వెంట అమెరికా దాకా వెళ్లింది. ఆ ప్రశ్న లేకపోతే లారెన్స్‌లోని సీసాలు ఆయన కంటికి ఆనేవి కావు.

ఇంకా దగ్గరి కాలానికి వస్తే, 1983లో ఒక అంతర్జాతీయ సంఘం ఐదుగురితో ఒక బృందం వేసింది. తరువాత ఇంటర్నేషనల్ వాటర్ అసోసియేషన్‌గా, అంటే ఐడబ్ల్యూఏగా మారిన సంఘాల్లో అదొకటి. ఆ ఐదుగురు డెన్మార్క్ నుంచి హెంజె, అమెరికా నుంచి గ్రేడీ, స్విట్జర్లాండ్ నుంచి గుయెర్, దక్షిణాఫ్రికా నుంచి మరే, జపాన్ నుంచి మత్సువో. శుద్ధి తొట్టిలో సూక్ష్మజీవులు ఏమి తింటాయి, ఎంత ప్రాణవాయువు వాడతాయి, ఎంత బురద మిగులుస్తాయి అన్నది లెక్కగట్టే నమూనాను 1987లో ప్రచురించారు. దాన్ని ఏఎస్‌ఎం-1 అంటారు. అంతకుముందు ఒక్కో దేశం ఒక్కో గుర్తు, ఒక్కో సమీకరణం వాడేది. ఒకరి లెక్క మరొకరికి అర్థమయ్యేది కాదు. ఈ ఐదుగురు కలిసి చేసిన పెద్ద మేలు ఏమిటంటే, ముందు భాషను ఒకటి చేశారు. ఇప్పుడు విజయవాడలో ఒక కన్సల్టెంట్ కంప్యూటర్ మీద శుద్ధి కేంద్రాన్ని నమూనా కట్టి చూసినా, టోక్యోలో కట్టినా, లోపల నడిచే లెక్కకు పునాది అదే.

భాష ఒకటి కావడం అన్న మాట దగ్గర కాసేపు ఆగుతాను. సంఘాల మధ్య సహకారంలో ఇదే అసలు పని. చాలామంది దీన్ని చిన్నచూపు చూస్తారు. నీటి పరీక్షల పద్ధతుల మీద అమెరికాలోని ప్రజారోగ్య సంఘం, జలసరఫరా సంఘం, మురుగునీటి సంఘం మూడూ కలిసి తెచ్చే స్టాండర్డ్ మెథడ్స్ గ్రంథం మొదటి ముద్రణ 1905లో వచ్చింది. ఇప్పటికీ కొత్త ముద్రణలు వస్తూనే ఉన్నాయి. మీ ల్యాబ్ బీరువాలో ఏదో ఒక ముద్రణ ఉండే ఉంటుంది. నూరేళ్లకు పైగా తరం తరువాత తరం ఇంజనీర్లు, రసాయన శాస్త్రవేత్తలు కూర్చుని ఒక్కో పరీక్షను తిరగరాస్తూ వచ్చారు. ఆ ఓపిక ముందు ఏ ఒప్పందమూ దిగదుడుపే.

అయితే ఉమ్మడి భాషను కళ్లు మూసుకుని వాడితే దెబ్బతింటాం. బీఓడీ పరీక్ష చూడండి. నీటిలోని మురికిని సూక్ష్మజీవులు తినడానికి ఎంత ప్రాణవాయువు పడుతుందో చెప్పే కొలత అది. ప్రపంచమంతా 20 డిగ్రీల దగ్గర 5 రోజులు ఉంచి కొలుస్తుంది. ఆ ఐదు రోజులు ఎక్కడివి? బ్రిటన్‌లో మురుగు పారవేత మీద వేసిన రాయల్ కమిషన్ 1912లో ఇచ్చిన నివేదిక నుంచి వచ్చాయి. అక్కడి నదులు పుట్టిన చోటు నుంచి సముద్రంలో కలవడానికి ఐదు రోజుల కన్నా ఎక్కువ పట్టదని చెబుతారు. అక్కడి ఎండాకాలపు నీటి సగటు వేడి దాదాపు 18 డిగ్రీలు మించదని కూడా చెబుతారు. మన కృష్ణమ్మ మహాబలేశ్వరం దగ్గర పుట్టి హంసలదీవి చేరేలోపు 1,400 కిలోమీటర్లు నడుస్తుంది. మన వేడి వేరు, మన దూరం వేరు. అందుకే మన దేశ ప్రమాణంలో 27 డిగ్రీల దగ్గర 3 రోజులు అని మార్చుకున్నారు. మీరు ఐరోపా సంఘానికి మీ శుద్ధి కేంద్రం బీఓడీ అంకెలు పంపేటప్పుడు పక్కన "27 డిగ్రీలు, 3 రోజులు" అని రాయకపోతే వాళ్లు దాన్ని తమ పద్ధతి అనుకునే చదువుతారు. నా ఎరుకలో ఒక ఉమ్మడి పత్రం ఈ ఒక్క కారణంతో సమీక్షకుల దగ్గర నుంచి వెనక్కి వచ్చింది. ఆ తప్పు పట్టుకోవడానికి మాకు రెండు నెలలు పట్టింది.

వేడి విషయంలో ఇంకో మాట. ఐరోపా చలిదేశాల నియమాలతో తొట్టి కొలతలు కడితే మన దగ్గర తొట్టి అవసరానికి మించి పెద్దదవుతుంది, గాలి మాత్రం చాలదు. మన మురుగు వేసవిలో 30 డిగ్రీలు దాటుతుంది. ఆ వేడిలో సూక్ష్మజీవులు త్వరగా పనిచేస్తాయి, ప్రాణవాయువు ఎక్కువ అడుగుతాయి. నీరేమో వేడెక్కేకొద్దీ ప్రాణవాయువును తక్కువగా కరిగించుకుంటుంది. 20 డిగ్రీల దగ్గర లీటరుకు 9.1 మిల్లీగ్రాముల దాకా కరిగేది 30 డిగ్రీల దగ్గర 7.6 మిల్లీగ్రాములకే ఆగిపోతుంది. ఈ సంగతిని జర్మనీ నీటి సంఘం డీడబ్ల్యూఏ తనంతట తానే గుర్తించింది. తన నియమాలు వేడి దేశాలకు సరిపోవని ఒప్పుకుని, పలు దేశాల్లో నడుస్తున్న కేంద్రాల లెక్కలు చూసి, వేడి, చలి ప్రాంతాలకు వేరుగా రూపకల్పన సూచనలు 2016లో ప్రచురించింది. పేరున్న సంఘం తన పుస్తకం చాలదని బహిరంగంగా చెప్పడం నాకు గొప్పగా అనిపించింది. ఆ పనికి కావలసినవి వేడి దేశాల నుంచి వచ్చే లెక్కలే. మే నెలలో గుంటూరు మురుగు ఎంత వేడెక్కుతుంది, తొట్టిలో కరిగిన ప్రాణవాయువు ఎంత, గాలి ఊదే బ్లోయర్లకు ఎంత కరెంటు కాలింది అని రోజూ రాసిపెట్టుకున్న రిజిస్టరు వాళ్లకు మీరు ఇవ్వగలిగే పెద్ద కానుక. కొండపల్లి బొమ్మ తరువాత ఇవ్వవచ్చు.

ఇక పనికివచ్చిన ఒప్పందం సంగతి. నిజానికి అది ఒప్పందంగా మొదలు కాలేదు.

2018 మార్చిలో గుంటూరులో అతిసారం ప్రబలింది. పాత గుంటూరు వైపు ఇళ్లకు ఇళ్లు మంచం పట్టాయి, మరణాలూ సంభవించాయి. తాగే నీళ్లలో మురుగు కలిసిందన్న మాట ఊరంతా వినిపించింది. మీరు అప్పటికి ఉద్యోగంలో చేరి ఉండకపోవచ్చు. ఆ వారం పెద్దాసుపత్రి వరండాలో చూసిన ముఖాలు నేను మరిచిపోలేదు. నీళ్లు రోజుకు కొన్ని గంటలు మాత్రమే వదిలే ఊళ్లో ఇలా ఎందుకు జరుగుతుందో మనకు తెలియనిది కాదు. వాల్వు కట్టేశాక పైపు ఖాళీ అవుతుంది. పల్లంలో ఉన్న ఇళ్లు చివరి చుక్క దాకా లాగేసుకుంటాయి, కొన్ని ఇళ్లలో మోటార్లు కూడా బిగించి లాగుతారు. అప్పుడు పైపు లోపల శూన్యం ఏర్పడుతుంది. ఆ పైపు మురుగు కాలువలో మునిగి ఉండి, అతుకు దగ్గర సన్నని చిల్లు ఉంటే, బయటి మురుగు లోపలికి పోతుంది. మర్నాడు ఉదయం నీళ్లు వదలగానే ముందు వచ్చే బిందె ఆ మురుగుదే. నీరు శుద్ధి కేంద్రం నుంచి ఎంత స్వచ్ఛంగా బయలుదేరినా, క్రిములను చంపడానికి కలిపిన క్లోరిన్‌లో నీటిలో మిగిలేది, అంటే మిగులు క్లోరిన్, లీటరుకు 0.2 మిల్లీగ్రాములు ఉన్నా, ఆ మొదటి బిందెను కాపాడలేదు.

మరుసటి ఏడాది శీతకాలంలో, నీటి నష్టాల మీద పనిచేసే ఒక విదేశీ నిపుణుడు సెలవు మీద హైదరాబాద్ వచ్చారని తెలిసింది. ఆయన తమ దేశపు సంఘంలోనూ, ఐడబ్ల్యూఏ బృందంలోనూ సభ్యుడు. ఉత్తరం రాస్తే సొంత ఖర్చుతో గుంటూరు వచ్చి ఎనిమిది రోజులు ఉన్నారు. మేము పైపులైన్ల పటాలు, పంపింగ్ లెక్కలు సిద్ధంగా పెట్టుకున్నాం. ఆయన వాటిని పక్కన పెట్టి ఒకటే అడిగారు: "ఈ వీధిలో పైపు రోజుకు ఎన్ని గంటలు ఖాళీగా ఉంటుంది?" ఎన్ని గంటలు నీళ్లు వదులుతామో మాకు తెలుసు. ఎన్ని గంటలు ఖాళీగా ఉంటుందో ఎవరికీ తెలియదు. ఈ రెండూ ఒకటి కావు, వాల్వు కట్టాక కూడా మిట్టను బట్టి, పల్లాన్ని బట్టి పైపులో నీరు కొంతసేపు నిలుస్తుంది.

ఆ జవాబు ఒక టర్న్‌కాక్ దగ్గర దొరికింది. ఆ ప్రాంతంలో వాల్వులు తిప్పే మనిషి, ఎనిమిదో తరగతి చదువు. అట్ట ఊడిపోయిన పొడవాటి నోటుపుస్తకంలో ఆరేళ్లుగా రాసుకుంటున్నాడు: ఏ వాల్వు ఎప్పుడు తిప్పాడు, ఎప్పుడు కట్టాడు, చివరి ఇంటి కుళాయి ఎప్పుడు ఆగింది, ఎవరు ఫిర్యాదు చేశారు. పక్కన "ఎర్ర నీళ్లు", "వాసన", "మొదటి బిందె పారబోశారు" అని చిన్న చిన్న మాటలు. ఎవరూ అడగలేదు కనుక ఎవరికీ చూపించలేదు. ఆ విదేశీ పెద్దమనిషి రెండు రోజులు ఆయన పక్కనే బల్ల మీద కూర్చున్నాడు. ఒకరి మాటను మరొకరికి నేను అనువదించి చెబుతూ ఉన్నాను. వాసన అని రాసిన తేదీలనూ, వీధులనూ పటం మీద ఎర్ర సిరాతో గుర్తుపెట్టుకుంటూ పోతే అవన్నీ పైపు మురుగు కాలువను దాటే చోట్ల దగ్గర గుమిగూడాయి. అలాంటి చోట్లు పద్నాలుగు తేలాయి. తరువాత రెండేళ్లలో పదకొండింటిని పైకి లేపి మార్చగలిగాం. మిగిలిన మూడూ నేను పదవీ విరమణ చేసేనాటికి అలాగే ఉన్నాయి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఐడబ్ల్యూఏ కలిసి 2009లో తెచ్చిన నీటి భద్రతా ప్రణాళికల కరదీపిక గురించి మీరు వినే ఉంటారు. పదకొండు మెట్లలో ఉంటుంది. నీరు బయలుదేరిన చోటు నుంచి కుళాయి దాకా ఎక్కడ ఏ ప్రమాదం పొంచి ఉందో ముందే వెతికి పట్టుకోవాలన్నది దాని సారం. చివర్లో నమూనా తీసి పరీక్ష చేసి బాగుంది, బాగాలేదు అనుకుంటే సరిపోదు, ఫలితం చేతికి వచ్చేసరికి ఆ నీళ్లు జనం తాగేసి ఉంటారు. ఆ పుస్తకంలో మొదటి మెట్టు బృందాన్ని కూర్చుకోవడం. నేను మూడుసార్లు చదివినా బృందం అంటే ఇంజనీర్లు, కెమిస్టు అనే అనుకున్నాను. టర్న్‌కాక్ ఆ బృందంలో ఉండాలని నాకు ఆ నోటుపుస్తకం చూశాకే అర్థమైంది.

అవతలివారికి దక్కింది కూడా ఉంది, ఇది మరీ ముఖ్యం. నీటి నష్టాలకు ఐడబ్ల్యూఏ 2000లో ఒక ప్రామాణిక నీటి పద్దు తయారుచేసింది. వ్యవస్థలోకి పంపిన నీటిలో బిల్లు పడింది ఎంత, పడనిది ఎంత, కారిపోయింది ఎంత, దొంగ కనెక్షన్లకు పోయింది ఎంత అని వరసలుగా విడదీస్తుంది. అప్పటిదాకా ప్రతి ఊరూ తన ఇష్టప్రకారం "లెక్కలోకి రాని నీరు" అని ఒక అంకె చెప్పేది. ఆ పద్దు వచ్చాక "ఆదాయం రాని నీరు" అన్న ఒకే కొలత మీదకు ప్రపంచం వచ్చింది. అమెరికా జలసరఫరా సంఘం కూడా తన కరదీపికలో దాన్నే తీసుకుంది. దాంతోపాటు ఎంత బాగా చూసుకున్నా తప్పని కారుడు ఎంత ఉంటుందో చెప్పే సూత్రం ఒకటి ఉంది. ప్రధాన పైపుల పొడవు కిలోమీటర్లలో 18తో, కనెక్షన్ల సంఖ్యను 0.8తో హెచ్చించి, రెండూ కలిపి, వచ్చినదాన్ని సగటు ప్రెషరుతో (పైపులోని నీరు ఎన్ని మీటర్ల ఎత్తుకు ఎక్కగలదో ఆ లెక్కలో) హెచ్చిస్తే రోజుకు లీటర్లు వస్తాయి. ఇంటి హద్దు నుంచి మీటరు దాకా ఉండే పైపుకు ఇంకో చిన్న భాగం ఉంది, ఇక్కడ దాన్ని వదిలేస్తున్నాను.

ఒక ప్రాంతంలో 100 కిలోమీటర్ల పైపులు, 10,000 కనెక్షన్లు, 10 మీటర్ల ప్రెషరు ఉన్నాయని ఊహించుకోండి. 1,800కు 8,000 కలిపి పదితో హెచ్చిస్తే రోజుకు 98,000 లీటర్లు. అయితే ఆ సూత్రం పగలూ రాత్రీ నిండుగా ఉండే పైపులను చూసి పుట్టింది. ప్రెషరు 25 మీటర్లకు తగ్గని చోట్లే దాన్ని నమ్మమని తయారుచేసినవారే చెప్పారు. మీరు రోజుకు రెండు గంటలు మాత్రమే నీళ్లు వదిలితే తప్పని కారుడు అందులో పన్నెండో వంతు, అంటే దాదాపు 8,200 లీటర్లు. నిజంగా కారిన నీటిని ఈ తప్పని కారుడుతో పోల్చే పైపుల బాగోగులు చూస్తారు కనుక, ఇది సరిచేయకుండా లెక్కకడితే మన పైపులు ఉన్నదానికన్నా పన్నెండు రెట్లు మెరుగ్గా కనిపిస్తాయి. ఆ తప్పుడు అంకెను చూసి సంతోషించిన సమీక్ష సమావేశాల్లో నేను కూర్చున్నాను. మా అతిథి ఆ నోటుపుస్తకం నకలు తీసుకువెళ్లి, పైపు నిజంగా ఎన్ని గంటలు నిండి ఉంటుందో చూపించే అంకెలను తన బృందం ముందు పెట్టారు. విడతల సరఫరా మీద ఐడబ్ల్యూఏలో ఇప్పుడు విడిగా ఒక నిపుణుల బృందమే ఉంది. ఆ చర్చల్లో ప్రశ్నలు మాకు వచ్చేవి, మేము జవాబులు పంపేవాళ్లం. నాలుగేళ్లు నడిచింది. రెండో ఏడాది చివర్లో, పని ఎలాగూ సాగుతోంది కదా అని ఒక పేజీ ఒప్పందం రాసుకున్నాం. అందులో ఉన్నవి మూడు వాక్యాలే.

ఇంకో సంగతి క్లుప్తంగా. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు గండ్లు పడి విజయవాడలో సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట, పాయకాపురం నీట మునిగిన రోజులు మీకు తెలుసు. ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వదిలారు. నీరు తీశాక ఇళ్లలోని ఒండ్రు కడగడానికి ఫైరింజన్లు వచ్చాయి, వేరే ఊళ్ల పారిశుద్ధ్య కార్మికులు వచ్చి రాత్రింబగళ్లు పనిచేశారు. వాళ్ల రుణం ఈ ఊరు తీర్చుకోలేదు. అలాంటి వేళ ఎవరి దగ్గర ఎన్ని పంపులు, జనరేటర్లు, క్లోరిన్ నిల్వలు ఉన్నాయి, ఎవరు ఎవరికి పంపాలి, ఖర్చు ఎవరిది అన్నది ముందే రాసి ఉంచుకుంటే ఎన్నో గంటలు కలిసివస్తాయి. అమెరికాలో కత్రినా తుపాను తరువాత 2006లో జలసరఫరా సంఘం ఊళ్ల మధ్య పరస్పర సహాయ వలయాలకు ప్రణాళిక తెచ్చింది. జపాన్ జలసరఫరా సంఘం భూకంపాల వేళ ఇదే పని చేస్తుంది. జపాన్, అమెరికా, తైవాన్ నీటి సంస్థలు భూకంపాల్లో పైపులు తట్టుకోవడం మీద ఏళ్ల తరబడి కలిసి సదస్సులు జరుపుకుంటున్నాయి. ముగ్గురికీ కాళ్ల కింద కదిలే నేల ఉంది కనుక ఆ బంధం తెగలేదు. మీరు కలిసే సంఘంతో మీకు అలా ఒక ఉమ్మడి కష్టం ఉందా అని ముందు చూసుకోండి. ఒక నదీ డెల్టా ఊరు మరో నదీ డెల్టా ఊరితో మాట్లాడితే మాటలు వెతుక్కోనవసరం లేదు.

మనవాళ్లు ఎప్పుడూ తీసుకునే చేతులే అన్న భావం మీ ప్రశ్నలో ఎక్కడో తొంగిచూసింది. దాన్ని వదిలేయండి. సాగునీరు, మురుగు పారుదల మీద పనిచేసే అంతర్జాతీయ కమిషన్ ఐసీఐడీ 1950లో మన దేశంలోనే పుట్టింది, ప్రధాన కార్యాలయం ఢిల్లీలోనే ఉంది. దాని ఇరవై ఐదో మహాసభ 2023 నవంబరులో విశాఖపట్నంలో జరిగింది. ఆ ఏడాదే మన ప్రకాశం బ్యారేజీ ఆ సంస్థ వారసత్వ నిర్మాణాల జాబితాలో చేరింది. కంకిపాడులో పుట్టిన కానూరి లక్ష్మణరావుగారు బర్మింగ్‌హామ్‌లో డాక్టరేట్ చేసి వచ్చి నాగార్జున సాగర్‌కు రూపమిచ్చారు. బయట నేర్చుకున్నది ఇక్కడి నేలకు, ఇక్కడి రాతికి అమర్చడం మన ప్రాంతానికి కొత్త విద్య కాదు.

ఇప్పుడు ఆచరణలో ఏమి చేయాలో చెప్తాను. డబ్బు విషయంలో జాగ్రత్త. విదేశీ సంఘం నుంచి ఒక్క రూపాయి మీ ఖాతాలో పడాలన్నా విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద నమోదు గానీ ముందస్తు అనుమతి గానీ తప్పనిసరి. 2020 సవరణ తరువాత ఆ సొమ్ము ముందుగా ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ ప్రధాన శాఖ ఖాతాలోకే రావాలి. మీ చిన్న సంఘానికి ఆ భారం వద్దు. మొదటి మూడేళ్లు డబ్బు మారని సహకారంగానే ఉంచుకోండి. సభ్యుల్లో ప్రభుత్వ ఉద్యోగులు ఉన్నారు కనుక లెక్కలు బయటకు పంపే ముందు పై అధికారి అనుమతి లిఖితంగా తీసుకోండి. నేను నోటిమాటను నమ్ముకుని ఒకసారి సంజాయిషీ రాయాల్సి వచ్చింది.

చదువు విషయంలో మీకు ఇప్పుడున్న సౌకర్యం మాకు లేదు. ఐడబ్ల్యూఏ ప్రచురించే పత్రికలు 2021 నుంచి ఎవరైనా ఉచితంగా చదువుకునేలా తెరిచారు. వాటర్ సైన్స్ అండ్ టెక్నాలజీ పత్రిక కోసం ఒకప్పుడు నేను మద్రాసు రైలెక్కి లైబ్రరీకి వెళ్లేవాణ్ని. 2007లో మొదలైన సుస్థిర పారిశుద్ధ్య కూటమి సుసానాలో సభ్యత్వానికి రుసుమే లేదు. సెప్టిక్ ట్యాంకుల మడ్డి మీద మీకు ఆసక్తి ఉందన్నారు కనుక ముందు అక్కడ చేరండి. మన దేశంలో 1968 నుంచి ఉన్న ఇండియన్ వాటర్ వర్క్స్ అసోసియేషన్‌లోనూ, ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఇంజనీర్స్‌లోనూ మీ నలభై మందిలో ఎందరు సభ్యులో చూసుకోండి. బయటి తలుపు తట్టే ముందు ఇంట్లో తలుపులు తెరిచి ఉన్నాయో లేదో తెలుసుకోవాలి కదా. ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఇంజనీర్స్ ద్వారా అంతర్జాతీయ వృత్తి ఇంజనీరు గుర్తింపుకు దరఖాస్తు చేసుకునే వీలు కూడా ఉంది. మీ వయసువారికి అది ఉపయోగం.

సమావేశాలకు మన సాయంత్రం ఆరున్నర మంచి వేళ. ఐరోపాలో అప్పుడు మధ్యాహ్నం. నెలకు ఒకటి చాలు, గంట మించవద్దు. రెండు వైపులా ఒక్కొక్క మనిషి పేరు రాసుకోండి, పదవి పేరు కాదు. పదవిలో మనిషి మారితే ఉత్తరాలు మూలనపడతాయి, నేను పైన చెప్పిన ఉత్తరం కూడా నలుగురి చేతులు మారుతూనే మూలనపడింది. మాట్లాడుకున్నది తెలుగులో ఒక పేజీకి కుదించి టర్న్‌కాక్‌లకు, ఫిట్టర్లకు, ల్యాబ్ సహాయకులకు చదివి వినిపించండి. వాళ్ల నుంచి వచ్చిన మాటను తిరిగి అవతలికి పంపండి. అసిస్టెంట్ ఇంజనీరుకు చోటెక్కడ అని అడిగారే, ఆ చోటు ఇదే. కార్యవర్గంలో పెద్దలు వాల్వు దగ్గర నిలబడరు, వాల్వు తిప్పేవాడు విదేశీ సంఘానికి ఉత్తరం రాయడు. ఇద్దరితోనూ మాట్లాడగలిగింది మీరొక్కరే.

మొదటి ఉత్తరం ఎలా రాయాలో కూడా అడిగారు. పొగడ్తలు, మీ సంఘ చరిత్ర వద్దు. మీ వార్డుల్లో ఏదైనా ఒకటి ఎంచుకోండి. ఈ జూన్ నుంచి వచ్చే మే దాకా రోజూ నాలుగు విషయాలు రాయించండి: నీళ్లు వదిలిన వేళ, కట్టిన వేళ, చివరి కుళాయి ఆగిన వేళ, మొదటి బిందెలో మిగులు క్లోరిన్. ఆ పట్టిక జతచేసి, "విడతల సరఫరా ఉన్న మా వార్డులో మొదటి పది నిమిషాల నీటిని సురక్షితం చేయడానికి మీ సభ్యులు ఎవరైనా ఏమైనా ప్రయత్నించారా? మా అంకెలు ఇవి" అని రాయండి. అంతే. మూడు నెలల అంకెలు చేరగానే నాకు ఒకసారి చూపించండి. ఆదివారం ఉదయాలు ఇంట్లోనే ఉంటాను. ఆ రిజిస్టరు రాస్తున్న మనిషిని కూడా వెంట తీసుకురండి.